డెబ్బై రెండేళ్ళ వయసులో దొరికిన చదువు తోడు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "కృత్రిమ మేధ, మన వయసువారి చదువు" అనే విషయం మీద మాట్లాడమన్నారు. నేను ఇంజనీరును కాను. మత్స్యశాఖలో ఉద్యోగంచేసి 2011లో, ఆనాటి నిబంధన ప్రకారం 58 ఏళ్ళకు పదవీ విరమణ చేసినవాణ్ణి. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, ఇసకపల్లి, జువ్వలదిన్నె, ఈ సముద్రపు ఒడ్డునే నా సర్వీసు చాలామటుకు గడిచింది. కాబట్టి యంత్రం గొప్పతనం గురించి ఉపన్యసించే అర్హత నాకు లేదు. రెండేళ్ళుగా దాన్ని పక్కన పెట్టుకుని ఏం చదువుకున్నానో, ఎక్కడ మోసపోబోయానో మాత్రం చెప్పగలను.

ముందుగా ఒక పాత సంగతి మనవి చేస్తాను.

మనలో చాలామందికి 1994, 95 సంవత్సరాలు గుర్తుండే ఉంటాయి. అంతకు ముందు నాలుగైదేళ్ళుగా మన తీరమంతా రొయ్యల గుంటలు తవ్వారు. వరి పండని చవుడు నేలకు కూడా ధర పలికింది. సైకిలు మీద తిరిగినవాడు మోటారు సైకిలు కొన్నాడు. అట్లాంటి సమయంలో తెల్లమచ్చ తెగులు వచ్చిపడింది. సాయంత్రం మేత తిన్న రొయ్య తెల్లవారేసరికి గట్టు వారకు వచ్చి నీరసంగా తేలేది. తలమీది డిప్పలో సున్నపు చుక్కల్లాంటి మచ్చలు. వారం పదిరోజుల్లో గుంట మొత్తం ఖాళీ.

కండలేరు క్రీకు పక్కన ఒక రైతు ఉండేవాడు. పేరు చెప్పను. అప్పుచేసి గుంటలు వేశాడు. అరవై రోజుల పంట మూడు రోజుల్లో పోయింది. నేను వెళ్ళేసరికి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "సారూ, నేనేం తప్పు చేశాను? మేత తక్కువ పెట్టానా, సున్నం ఎక్కువ వేశానా? చదువుకున్నోళ్ళు గదా, చెప్పండి" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నీళ్ళ నమూనా సీసాలో పట్టుకుని, "మద్రాసుకు పంపిస్తాం" అని చెప్పి వచ్చేశాను. అది అబద్ధం కాదు, జవాబు కూడా కాదు. తరువాత నాకు బదిలీ అయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద తీర్పు ఇచ్చింది. ఫైళ్ళు పెరిగాయి. ఆ మనిషి ప్రశ్న మాత్రం నాలోపల అట్లాగే ఉండిపోయింది.

ఇక నేటి సంగతికి వస్తాను.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ అనేది లోకానికి వచ్చింది. తరువాత అలాంటివి మరికొన్ని వచ్చాయి. మన మాటల్లో అడిగితే మాటల్లోనే సమాధానం చెప్పే యంత్రాలివి. మా మనవడు వేసవి సెలవులకు వచ్చినప్పుడు నా ఫోనులో ఒకటి పెట్టి, "తాతయ్యా, టైపు చెయ్యక్కరలేదు, తెలుగులో మాట్లాడు చాలు" అన్నాడు. శుక్లాల ఆపరేషను అయిన కళ్ళకు అది పెద్ద సదుపాయమే. మొదట పిల్లవాడి ముచ్చట తీర్చడానికి ఏవేవో అడిగాను. అతను వెళ్ళిపోయిన తరువాత ఒక రాత్రి నిద్ర పట్టక, ఆ పాత ప్రశ్న అడిగాను. "తెల్లమచ్చ తెగులు గుంటలోకి ఎట్లా వస్తుంది? నాకేమీ తెలియదనుకుని మొదటి నుంచి చెప్పు" అన్నాను.

మిత్రులారా, ఆ రాత్రి రెండు గంటలదాకా నేను పడుకోలేదు. అది వైరస్ అనీ, 1990ల మొదట్లో తూర్పు ఆసియాలో బయటపడి, 1994 నాటికి మన దేశానికి చేరిందనీ చెప్పింది. సముద్రంలో పట్టిన తల్లి రొయ్యల్లోనే అది ఉండవచ్చు, వాటినుంచి హేచరీలో పిల్లలకు వస్తుంది, పిల్ల చూడటానికి ఆరోగ్యంగానే ఉంటుంది అని చెప్పింది. పీతలు కూడా దాన్ని మోస్తాయని చెప్పింది. నేను ఆపి అడిగాను: "ఒకే కాలువలో నుంచి నీళ్ళు తోడుకుని, అదే కాలువలోకి వదిలితే?" అప్పుడు ఒక గుంటలోని జబ్బు మిగిలినవాటికి పాకడం ఎట్లాగో విడమరచింది. మన క్రీకు పొడవునా జరిగింది అదే గదా! పైగా పిల్లల్లో వైరస్ ఉందో లేదో చూసే పి.సి.ఆర్. పరీక్ష ఆనాడు రైతుకు అందుబాటులో లేదు.

నేను ఇరవై ప్రశ్నలు అడిగాను. ఇరవయ్యో ప్రశ్నకు కూడా అది విసుక్కోలేదు. సర్వీసులో ఉండగా ఇన్ని ప్రశ్నలు పై అధికారిని అడిగితే ఏమయ్యేదో మీకు తెలుసు. ఉద్యోగంలో మనకు జవాబులు చెప్పడమే అలవాటు. తెలియదని ఒప్పుకుని అడగటం నామోషీ. ఆ నామోషీ లేకుండా అడగగలిగే చోటు డెబ్బై దాటాక దొరికిందని సంతోషించాను.

అయితే అక్కడితో ఆగి ఉంటే నేను బోర్లా పడేవాణ్ణి.

ఆ మాటల మధ్యలోనే అది, 1994లో నెల్లూరు గుంటల్లో వెనామీ రొయ్యలు పెంచారని చెప్పింది. నాకు నవ్వు వచ్చింది. ఆనాడు మనం పెంచింది టైగర్ రొయ్య. వెనామీకి మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. ఆ మాటే చెప్పాను. వెంటనే "మీరు చెప్పింది నిజమే, క్షమించండి" అంది. నాకు అనుమానం వచ్చి పరీక్ష పెట్టాను. "ఈ జబ్బు అసలు సున్నం ఎక్కువ వేయడంవల్లే వస్తుంది గదా" అని కావాలనే తప్పు చెప్పాను. దానికీ "మీ అనుభవం విలువైనది, అదీ ఒక కారణమే" అంది! ఒప్పుకున్నవాడికి జ్ఞానం ఉందనుకోవడం పొరపాటని ఆ రాత్రే తెలిసింది.

మరొకసారి అదనపు పెన్షన్ గురించి అడిగాను. ఎనభై నిండితే ఇరవై శాతం అని ఘంటాపథంగా చెప్పింది. అది కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు. మన రాష్ట్రంలో డెబ్బై నిండినప్పటినుంచే మొదలవుతుంది. 2022 పి.ఆర్.సి. ప్రకారం డెబ్బైకి ఏడు శాతం, డెబ్బై అయిదుకు పన్నెండు శాతం. అప్పటికే ఆ ఏడు శాతం తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి నేను మోసపోలేదు. తెలియనివాడు పదేళ్ళు ఊరుకునేవాడే.

ఎందుకిట్లా జరుగుతుంది? మా మనవడు ఫోనులో ఎంతో వివరించాడు. దాన్ని మన భాషలోకి మార్చి చెబుతాను. మన ఆఫీసుల్లో ముప్పయి ఏళ్ళ సర్వీసున్న గుమాస్తా ఒకాయన ఉండేవాడు. "పై విషయము పురస్కరించుకుని" అని మొదలుపెట్టామంటే చాలు, మిగతా ఉత్తరమంతా ఫైలు చూడకుండానే రాసేసేవాడు. ఏ మాట తరువాత ఏ మాట వస్తుందో ఆయన చేతికి తెలుసు. ఈ యంత్రం అట్లాంటి గుమాస్తాయే. కోట్లాది పేజీలు చదివించారు. ఏ మాట తరువాత ఏ మాట రావాలో అంచనావేసి రాస్తుంది. చాలాసార్లు ఫైలులో ఉన్నదే రాస్తుంది. కొన్నిసార్లు ఫైలు చూడకుండానే చక్కటి ఉత్తరం రాస్తుంది. ఉత్తరం అందం చూసి సంతకం పెట్టే అధికారి ఏమవుతాడో మనకు తెలియనిది కాదు.

తెలుగులో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు ఎనిమిది కోట్ల పైచిలుకు. కాని కంప్యూటరులోకి ఎక్కిన తెలుగు, ఇంగ్లీషుతో పోలిస్తే చాలా తక్కువ. అందుకే మన ఊళ్ళు, మన చేపల పేర్లు దగ్గరకొచ్చేసరికి అది తడబడుతుంది. శ్రీహరికోట 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళిందన్నది కూడా ఒకసారి మరిచిపోయింది. ఈ లోటు తీర్చడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మద్రాసు ఐ.ఐ.టి.లోనూ ఈ పని జరుగుతున్నది. మంచిదే. అంతవరకు మన జాగ్రత్తలో మనం ఉండాలి.

అందుకని నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆ రాత్రి విన్నవన్నీ పాత డైరీలో రాసుకున్నాను. పక్కన రెండు గళ్ళు గీశాను. ఒకటి "యంత్రం చెప్పింది", రెండోది "సరిచూసింది". ఆ డైరీ పట్టుకుని, ఇప్పుడు సర్వీసులో ఉన్న ఒక కుర్ర అధికారి దగ్గరకు వెళ్ళాను. పూర్వం నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆయన ఓపికగా చూసి, రెండు చోట్ల దిద్ది, మిగిలింది సరేనన్నారు.

అప్పుడు ఆ రైతు ఊరికి బయలుదేరాను.

ఆయన చనిపోయి అప్పటికే ఆరేళ్ళయిందట. కొడుకు గుంటలు చేస్తున్నాడు. నేను చెప్పబోతే అతను చిరునవ్వుతో, "తెలుసు సార్. ఇప్పుడు పరీక్ష చేయించకుండా పిల్ల వెయ్యం" అన్నాడు. ఒక్క క్షణం సిగ్గేసింది. ముప్పయ్యేళ్ళ తరువాత ఎవరికీ అక్కరలేని జవాబు మోసుకొచ్చాననిపించింది. లేచి వస్తుంటే లోపల వాకిట్లో కూర్చున్న పెద్దామె పిలిచింది. ఆ రైతు భార్య. "సారూ, ఇంకోసారి చెప్పండి. ఆ జబ్బు పిల్లల్లోనే ఉన్నిందా?" అంది.

మళ్ళీ మొదటినుంచి చెప్పాను. తల్లి రొయ్య, హేచరీ, పీత, కాలువ. ఆమె విన్నంతసేపు విని, "అయితే నా వల్ల గాదా?" అంది.

నాకు అర్థం కాలేదు. కొడుకు తల వంచుకున్నాడు. అప్పుడు ఆమే చెప్పింది. ఆ పంట పోయే ముందురోజు, రాకూడని రోజుల్లో ఆమె గట్టుమీద అడుగుపెట్టిందట, మొగుడికి అన్నం ఇవ్వడానికి. మైలపడి గుంట పోయిందని ఊళ్ళో అన్నారు. మొగుడు ఎన్నడూ ఆ మాట అనలేదట, కాదని కూడా అనలేదట. "ఆయన పోయిందాకా అడగలేదు సారూ, నాకు భయం" అంది.

"అమ్మా, ఆ ఏడు మన తీరం పొడుగునా గుంటలు పోయినాయి. నీ వల్ల కాదు, ఆయన వల్ల కాదు" అన్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ఈ మాట ఆయనకు గూడా చెప్పి ఉంటే బాగుండు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఏ యంత్రం దగ్గరా లేదు.

మిత్రులారా, ఈ వయసులో చదువు ఎందుకు, దేనికి పనికొస్తుంది అని మనలో చాలామంది అంటుంటారు. నేనూ అనేవాణ్ణి. ఇప్పుడు అనను. మన సర్వీసులో జవాబు చెప్పకుండా వదిలేసిన ప్రశ్నలు మన ప్రతి ఒక్కరికీ ఉంటాయి. రెవెన్యూలో పనిచేసినవారికి, ఆసుపత్రిలో పనిచేసినవారికి, బడిలో పనిచేసినవారికి, అందరికీ. వాటిలో ఒకదాన్నైనా పట్టుకుని చదవవచ్చు. ఇన్నాళ్ళూ అడగటానికి మనిషి లేడన్న సాకు ఉండేది. ఆ సాకు ఇప్పుడు పోయింది.

కాని ఒక హెచ్చరిక. ఇది నా ఇంటి సంగతే. ఆ తరువాత కొన్ని నెలలు నేను సాయంత్రం నడక మానేశాను. పేపరు మీద మిత్రులతో వాదన మానేశాను. ఏ సందేహం వచ్చినా ఫోనే. మా ఆవిడ ఒకనాడు కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి, "దానికి కోపం రాదు గనక మీకు బాగా నచ్చింది. నాకు వస్తుంది, అందుకే నాతో మాట్లాడటం మానేశారు" అంది. ఆ మాట చురుక్కుమంది. 1966లోనే అమెరికాలో వైజెన్‌బామ్ అనే ప్రొఫెసరు ఎలీజా అనే చిన్న కార్యక్రమం తయారుచేశాడు. అది మనం అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతే. అయినా ఆయన సెక్రటరీ దానితో మాట్లాడుతూ, కాసేపు గదిలోనుంచి బయటికి వెళ్ళమని ఆయన్నే అడిగిందట. అరవై ఏళ్ళనాటి ఆ చిన్న యంత్రానికే మనిషి మనసు విప్పాడంటే, నేటి దానికి ఒంటరి ముసలివాడు ఎంత లొంగిపోతాడో ఆలోచించండి.

చదువు అంటే ఏమిటో మన జిల్లాకు ఒకరు నేర్పవలసిన అవసరం లేదు. 1991లో అక్షరజ్యోతి జరిగినప్పుడు, ప్రభుత్వోద్యోగులుగా మనలో ఎందరో రాత్రిపూట పల్లెలకు తిరిగాం. నేను ఇందుకూరుపేట మండలంలో కొన్ని కేంద్రాలు చూశాను. చేపల గంప దించి, పొయ్యిమీద అన్నం దించి, చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని వచ్చేవాళ్ళు ఆడవాళ్ళు. అదే కాలంలో కలిగిరి మండలం దూబగుంటలో ఏం జరిగిందో దేశమంతా తెలుసు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. అందులో ఆడవాళ్ళు ఒక్కటై ఊళ్ళో సారా ఆపుతారు. ఆ పాఠం చదివిన దూబగుంట స్త్రీలు, మన ఊళ్ళో ఎందుకు కాదని ఒకరినొకరు అడిగారు. వర్ధినేని రోశమ్మగారి వంటివారు ముందు నిలిచారు. అది జిల్లాకు, రాష్ట్రానికి పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది.

గమనించండి. వాచకం వాళ్ళకు జవాబు ఇవ్వలేదు. వాచకం చదివి, పదిమంది ఒకచోట కూర్చుని, ప్రశ్న వాళ్ళే వేసుకున్నారు. ఒక్కొక్కరి గుడిసెలో ఒక్కొక్కరే చదువుకుని ఉంటే ఆ సారా పాట ఆగి ఉండేది కాదు. యంత్రం మంచి వాచకం కాగలదు. పక్కన కూర్చునే మనిషి మాత్రం కాలేదు.

కాబట్టి నా అనుభవంలో తేలిన నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, మీకు నిజంగా కావలసిన ప్రశ్నే అడగండి. "నాకు తెలియదు" అని మొదలుపెట్టండి. అర్థం కాకపోతే అర్థమయ్యేదాకా అడగండి. చివర్లో "ఇప్పుడు నన్ను ప్రశ్నలు అడుగు" అనండి. మనం ఏం మరిచిపోయామో అప్పుడు తెలుస్తుంది.

రెండవది, డబ్బు, మందు, చట్టం, ఈ మూడింటిలో దాని మాట చివరి మాట కాదు. జి.ఓ. చూడండి, డాక్టరుగారిని అడగండి. బి.పి. మాత్ర ఎన్నడూ దాని సలహాతో మానవద్దు, పెంచవద్దు.

మూడవది, పి.పి.ఓ. నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా, ఓ.టి.పి., ఇవి దానికి చెప్పవద్దు. పనిలో పనిగా మరొకటి. పోలీసులమని వీడియోలో కనిపించి "డిజిటల్ అరెస్టు" అని బెదిరిస్తే ఫోను పెట్టేయండి. చట్టంలో అట్లాంటి అరెస్టు లేదు. ఈ యంత్రాలతోనే తెలిసినవారి గొంతును కూడా అనుకరిస్తున్నారు. మనవడి గొంతుతో డబ్బు అడిగినా, పెట్టేసి, మీ దగ్గరున్న నంబరుకు మీరే తిరిగి ఫోను చేయండి.

నాలుగవది, నేర్చుకున్నది ఒక మనిషికి చెప్పండి. చెప్పేటప్పుడు తడబడ్డామంటే మనకు రాలేదన్నమాట.

ఇందుకు ఒక చిన్న ప్రతిపాదన. ప్రతి ఆదివారం ఉదయం పది నుంచి పదకొండు వరకు సంఘం గదిలో కూర్చుందాం. ఒక్క ఫోను చాలు, మధ్యలో పెడదాం. వారానికి ఒకరు తమ ప్రశ్న తేవాలి. అది జవాబు చెబుతుంది. మనలో ఆ శాఖలో పనిచేసినవారు ఆ జవాబును దిద్దుతారు. ఇంట్లో ఆడవాళ్ళను కూడా తీసుకురండి, మనకంటే మంచి ప్రశ్నలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. కోపం రావలసినవారికి కోపం వస్తుంది, వాదన జరుగుతుంది. కాఫీ ఖర్చు మొదటి నెల నాది. ఆ విషయం మా ఆవిడతో ముందే మాట్లాడాను. ఆమె వస్తానంది, మొదటి ప్రశ్న కూడా తనదేనంది. అదేమిటో నాకు ఇంకా చెప్పలేదు.